పొడిచే ఎద్దు, తెలిసిన యజమాని



కొన్నేండ్ల క్రిందట ఒక నవంబరు నెలలో ఆదివారపు ఆరాధన ముగిసింది. అందరూ చెప్పులు వేసుకొని వెళ్లిపోతున్నారు. మా సంఘములోని ఒక సహోదరుడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జనము పలుచబడ్డాక భుజం మీది తువాలు విప్పి, అందులోనుండి ఖాళీ పత్తి విత్తనాల పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు.

"అయ్యగారూ, గీ పొట్లం జర చూడుండ్రి. చెట్టు నా నెత్తి కంటె మీదికి పెరిగింది. కాయ జూద్దమంటె లేదు. మూడెకరాలు కౌలుకు పట్టిన. ఎవలను అడగాలె?"

ఆ మరునాడు నేను అతనితోకూడ చేనికి వెళ్లాను. అతను చెప్పిన మాట నిజమే. నెల్లికుదురు మండలంలో పత్తి, మిరప, వరి చేలు చూస్తూ పెరిగినవాడికి మంచి చేను ఏదో, మోసపోయిన చేను ఏదో చెప్పనక్కరలేదు. ఆకు పచ్చగా, ఏపుగా ఉన్నది. పూత వచ్చి రాలిపోయింది. చెట్టుకు నాలుగో ఐదో కాయలు.

విత్తనాలు అమ్మిన దుకాణానికి వెళ్లాము. "అయ్యగారూ, సీలు వేసి వచ్చింది, సీలుతోనే అమ్మిన. లోపల ఏమున్నదో నాకేం ఎరుక?" అన్నాడు దుకాణదారుడు. అదీ నిజమే అనిపించింది. పట్నంలో ఉన్న డిస్ట్రిబ్యూటరు తనది సరఫరా మాత్రమే అన్నాడు. అప్పుడు నేనే కూర్చుండి కంపెనీకి ఒక ఉత్తరం వ్రాసి రిజిస్టరు పోస్టులో పంపించాను. వ్యవసాయ అధికారి వచ్చి చేను చూసి తన నివేదిక వ్రాసుకొని వెళ్లారు. నలభై రోజుల తరువాత కంపెనీ నుండి జవాబు వచ్చింది. వాతావరణం బాగాలేదట, ఎరువు ఎక్కువైందట, యాజమాన్య పద్ధతులు పాటించలేదట. క్రింద "కంపెనీ తరఫున" అని ఉండి, ఒక గీత ఉన్నది. పేరు లేదు. హోదా లేదు. చివరికి మోటారు సైకిలు మీద ఒక కుర్రవాడు వచ్చి, వచ్చే సంవత్సరానికి రెండు పొట్లాలు ఉచితంగా ఇస్తామని చెప్పి వెళ్లాడు. కౌలు డబ్బులు కట్టవలసిన మా సహోదరుడు ఏమి చేస్తాడు? తీసుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

కాని "ఎవలను అడగాలె" అని అతను వేసిన ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు. ఈ నెల ఆ ప్రశ్ననే మీ ముందు పెట్టాలని అనుకుంటున్నాను.

ఎద్దును గూర్చిన చట్టము

నిర్గమకాండము 21వ అధ్యాయంలో 28వ వచనం మొదలుకొని ఎద్దును గూర్చిన ఒక చట్టమున్నది. మన రైతులు దానిని చదివితే వెంటనే అర్థమవుతుంది. ఒక ఎద్దు మనిషిని పొడిచి చంపినదనుకోండి. ఆ ఎద్దును చంపాలి, దాని మాంసం తినకూడదు. యజమానికి శిక్ష లేదు. ఎందుకంటే అది అట్లా చేస్తుందని అతనికి తెలియదు.

అయితే ఆ ఎద్దుకు ముందునుండే పొడిచే అలవాటున్నది, ఆ సంగతి యజమానికి చెప్పారు, అయినా అతడు దానిని కట్టివేయలేదు అనుకోండి. అప్పుడు సంగతి వేరు. ఎద్దుతోపాటు యజమాని కూడా దోషియే. ప్రాణానికి బదులుగా సొమ్ము చెల్లించే వీలును కూడా ఆ చట్టము చెప్పుచున్నది. కాని ముందు అతడు దోషి అని తేలాలి. ఆ తరువాతనే సొమ్ము మాట.

చూచారా, ఎంత సూటిగా ఉన్నదో. యజమాని ధనవంతుడా, బీదవాడా అని ఆ చట్టము అడగలేదు. అతనికి ఎన్ని ఎద్దులున్నవి, ఎంతమందికి పని ఇస్తున్నాడు అని అడగలేదు. అడిగినది రెండే మాటలు. అతనికి తెలుసా? తెలిసి కట్టివేసినాడా?

మోషే కాలపు మరణశిక్ష నేడు ఎవరికైనా వేయాలని నేను చెప్పడం లేదు. ఆ రెండు ప్రశ్నలు మాత్రం నేటికీ పాతబడలేదు. పెద్ద కంపెనీల విషయంలో మన ప్రభుత్వాలు వాటిని అడుగుతున్నాయా అన్నదే నా బాధ.

మన పాత వరంగల్లు జిల్లాలో

మన నెల్లికుదురు 2016 అక్టోబరులో మహబూబాబాదు జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు మనమందరము వరంగల్లు జిల్లావాళ్లమే. 1997 చివర, 1998 మొదట్లో ఆ జిల్లా పత్తి చేలల్లో జరిగినదానిని పెద్దవాళ్లెవరూ మరచిపోలేరు. పురుగు చేనంతా తిన్నది. ఎంత మందు కొట్టినా చావలేదు. కల్తీ మందులు, నాసి విత్తనాలు, వడ్డీ అప్పులు అన్నీ ఒక్కటై, పురుగు మీద పని చేయని మందును మనుషులు తాగారు. ఎన్నో ఇండ్లలో దీపం ఆరిపోయింది.

తరువాత బీటీ పత్తి వచ్చింది. 2004 వానకాలంలో వరంగల్లు జిల్లా రైతులు చాలామంది మహికో కంపెనీ బీటీ విత్తనాలు వేసి నష్టపోయామని మొరపెట్టుకున్నారు. రాష్ట్ర వ్యవసాయ శాఖ నష్టపరిహారం ఇవ్వాలన్నది, కంపెనీ కాదన్నది, వివాదం నడిచింది. 2005 మే నెలలో కేంద్రంలోని అనుమతుల కమిటీ మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలను ఆంధ్రప్రదేశ్‌లో అమ్మడానికి మళ్లీ అనుమతి ఇవ్వలేదు. ఆ మరుసటి ఏడు, 2006లో, పదహారు పద్ధెనిమిది వందలున్న బీటీ పత్తి పొట్లం ధరను రాష్ట్ర ప్రభుత్వం పోరాడి 750 రూపాయలకు దింపింది. ఆ రెండు పనులు చేసినవారిని నేను మెచ్చుకుంటున్నాను.

కాని ఎద్దు చట్టముతో కొలచి చూడండి. ఆ నిర్ణయము విత్తనమును గూర్చినది. అంటే ఎద్దును మంద నుండి తీసివేశారు. ఈ నేలకు ఇది పనికిరాదని ముందే ఎవరికైనా తెలుసా, తెలిసి అమ్మించారా అనే ప్రశ్న, అంటే యజమానిని గూర్చిన ప్రశ్న, ఆ నిర్ణయములో లేదు.

చట్టములో ఉన్నది, చేతిలో లేదు

ఈ ప్రశ్న మన చట్టాలలో లేదని అనుకోకండి. 1966 నాటి విత్తనాల చట్టం 21వ సెక్షను చదివితే ఆశ్చర్యమేస్తుంది. కంపెనీ తప్పు చేస్తే, ఆ సమయంలో కంపెనీ వ్యవహారాలకు బాధ్యుడుగా ఉన్న ప్రతి మనిషీ దోషి అని అందులో ఉన్నది. తనకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నాననో అతడే రుజువు చేసుకోవాలి. డైరెక్టరు గాని మేనేజరు గాని సమ్మతించి ఉంటే, లేక అలక్ష్యం చేసి ఉంటే, అతడూ దోషియే. నిర్గమకాండములోని ఎద్దు చట్టమునకు ఇది చాలా దగ్గర.

ఇక శిక్ష ఎంతో చూడండి. అదే చట్టంలోని 19వ సెక్షను ప్రకారం మొదటి తప్పుకు 500 రూపాయలదాకా జరిమానా. మళ్లీ చేస్తే ఆరు నెలలదాకా జైలు, లేదా 1000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. 1966లో అయిదు వందలంటే ఒక జత దూడల ధర ఉండేదేమో. మా సహోదరుడు మూడెకరాలకు ఒక దఫా మందు కొట్టడానికి నేడు అయ్యే ఖర్చుకు అది చాలదు. దీనిని మార్చాలని 2004లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 2025 నవంబరులో కేంద్రం మరొక ముసాయిదాను ప్రజల ముందుంచింది. ఈ నడుమ ఎన్ని పంటలు పోయినవో దేవునికే ఎరుక.

మన తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సుతో, 2018లో చట్ట సవరణతో, నకిలీ విత్తనాలవారిని పీడీ చట్టం క్రిందికి తెచ్చింది. ఆ చట్టం క్రింద ఏడాదిదాకా నిర్బంధించవచ్చు. మంచిదే. అయితే నేను పత్రికల్లో చదివిన వార్తలలో పట్టుబడినవారు ఎక్కువగా సంచులలో విడి విత్తనాలు తెచ్చినవారు, ఆటోలలో మోసినవారు, ఊరూరా తిరిగి అమ్మినవారు. వాళ్లు తప్పు చేయలేదని అనను. చిన్న వల చిన్న చేపలకు చక్కగా పనిచేస్తున్నది. పెద్ద బంగళాలో కూర్చుండి సంతకం పెట్టినవానిదాకా ఏ వల పోతుంది?

పురుగుమందు ఫ్యాక్టరీ

భోపాలు సంగతి మీరు వినియున్నారు. ఆ ఫ్యాక్టరీలో తయారయినది పంటల మీద చల్లే సెవిన్ అనే పురుగుమందే గనుక ఆ కథ మన చేలకు దూరమైనది కాదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి యూనియన్ కార్బైడు ఫ్యాక్టరీ నుండి విషవాయువు బయటికి వచ్చి నిద్రపోతున్న వేలమందిని చంపింది.

ఆ ఎద్దు పొడుస్తుందని యజమానికి ఎవరైనా చెప్పారా? చెప్పారు. 1981 డిసెంబరులోనే విషవాయువు సోకి అక్కడ ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో అమెరికాలోని సొంత కంపెనీ నిపుణులే వచ్చి లోపాలను పట్టికగా వ్రాసి ఇచ్చారు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే భోపాలు పత్రికా విలేకరి అదే సంవత్సరం ఊరికి ప్రమాదమున్నదని వార్తలు వ్రాశాడు.

తరువాత ఏమైంది? కంపెనీ చైర్మన్ వారెన్ ఆండర్సన్ డిసెంబరు 7న భోపాలు వచ్చాడు. అరెస్టు చేశారు. అదే రోజు జామీను ఇచ్చి ప్రభుత్వ విమానంలోనే ఢిల్లీకి పంపించారు. ఆయన అమెరికా వెళ్లి మళ్లీ ఈ దేశపు కోర్టు గుమ్మం తొక్కకుండానే 2014లో చనిపోయాడు. 1989లో ప్రభుత్వం, కంపెనీ 47 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. 1996లో సుప్రీంకోర్టు నేరారోపణను తగ్గించింది. తెలిసి ప్రాణం తీసిన నేరముగా కాక, నిర్లక్ష్యముగా విచారణ జరిగింది. 2010 జూన్ 7న, అంటే 26 ఏండ్లకు, ఏడుగురు భారతీయ అధికారులకు రెండేండ్ల జైలు శిక్ష పడింది. ఆ రోజే జామీను దొరికింది.

"తెలుసా?" అనే ప్రశ్న ఎక్కడ జారిపోయిందో గమనించారా? నేరారోపణను తగ్గించినప్పుడే అది జారిపోయింది. దోషి ఎవరో తేలకముందే సొమ్ము లెక్క తేలిపోయింది. ఎద్దు చట్టములో వరుస అది కాదు.

పిట్టగోడ లేని మేడ

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, కరోనా లాక్‌డౌను రోజులలో, విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుండి స్టైరీను ఆవిరి లేచి ఊరిమీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మన తెలుగువాళ్లు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ కూలిపోవడం టీవీలో మనమందరము చూచాము.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. స్టైరీనును చల్లగా ఉంచే యంత్రాన్ని సాయంత్రం కాగానే ఆపివేసేవారట. స్టైరీను గడ్డకట్టి వేడెక్కకుండా కలిపే మందు లేకపోయిందట. ఊరివారిని హెచ్చరించే సైరను మ్రోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎక్కడా మ్రోగించలేదట. ఇవన్నీ ఒకవైపు ఉండగా, తమ ఫ్యాక్టరీకి సరైన పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019 మే నెలలో ప్రమాణ పత్రంలో ఒప్పుకొని ఉన్నది. అంటే ప్రమాదానికి ఏడాది ముందు యజమానికి తెలుసు. అనుమతి ఇచ్చే ప్రభుత్వానికీ తెలుసు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టినవాడు మేడ చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవడైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వస్తుంది అనే కట్టడ ఉన్నది. సైరను ఒక పిట్టగోడ. కట్టి ఉంచి కూడా వాడలేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ మరునాడే 50 కోట్లు జమ చేయమన్నది. ప్రభుత్వం చనిపోయినవారి కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది. రెండు నెలలకు కంపెనీ ముఖ్య అధికారితో కలిపి పన్నెండుమందిని అరెస్టు చేశారు. ఆ మరుసటి నెలలో హైకోర్టు జామీను ఇచ్చింది. జామీను ఇవ్వడం తప్పు అని నేను అనను. అది చట్టం ఇచ్చిన హక్కు, బీదవానికీ ఉండాలి. విచారణ ఖైదీలుగా మన జైళ్లలో ఏండ్ల తరబడి మగ్గుతున్న బీదవారికి అదే హక్కు అంత త్వరగా దొరుకుతున్నదా అని మాత్రం అడుగుతున్నాను.

ప్రభుత్వానికి చేతకాక కాదు

ప్రభుత్వం గట్టిగా పట్టుకోవాలనుకుంటే పట్టుకోగలదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు, లెక్కలలో చూపించిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని స్వయంగా ఉత్తరం వ్రాశాడు. రెండు రోజులలో అరెస్టు. అదే రోజు కేంద్రం పాత బోర్డును తీసివేసి, మరో రెండు రోజులకు కొత్త డైరెక్టర్లను పెట్టింది. విచారణ కాలంలో ఆయన రెండున్నర ఏండ్లకు పైగా జైలులో ఉన్నాడు. లెక్కలు సరిచూచిన ఆడిటర్లు కూడా ముద్దాయిలయ్యారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులన్నది. రాజుకు ఏడేండ్ల శిక్ష వేసింది. అప్పీలుపై మే 11న పైకోర్టు శిక్షను నిలిపి జామీను ఇచ్చింది.

ఆ చివరి సంగతిని ప్రక్కన పెట్టి మొదటి సంగతిని చూడండి. వాటాదారుల సొమ్ము పోయినప్పుడు పై కుర్చీలోని మనిషిని పట్టుకోవడానికి రెండు రోజులే పట్టింది. భోపాలులో ప్రాణాలు పోయినప్పుడు తీర్పుకే 26 ఏండ్లు పట్టింది. కనుక చేయి లేక కాదు, ఎవరి నష్టానికి ఆ చేయి లేస్తున్నదో అదే ప్రశ్న.

2023లో పార్లమెంటు జన విశ్వాస్ చట్టం చేసింది. 42 చట్టాలలోని 183 నిబంధనలలో జైలు శిక్షలను తీసివేయడమో, జరిమానాలుగా మార్చడమో జరిగింది. ఆ సవరణలో భోపాలు తరువాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం కూడా ఉన్నది. దానిని ఉల్లంఘిస్తే అంతకుముందు అయిదేండ్లదాకా జైలు శిక్ష ఉండేది. దాని స్థానంలో పదివేల నుండి పదిహేను లక్షల రూపాయలదాకా దండన పెట్టారు.

దీనిని సమర్థించేవారి మాట కూడా వినాలి. చిన్న కిరాణా కొట్టువాడు ఒక కాగితం పెట్టలేదని అతన్ని జైలుకు పంపడం అన్యాయం అంటారు. ఒప్పుకుంటాను. ఫ్యాక్టరీలు వస్తేనే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి, భయపెడితే రారు అంటారు. అదీ ఆలోచించవలసినదే, హైదరాబాదు చుట్టూ ఫ్యాక్టరీలలో మన మండలపు పిల్లలూ పని చేస్తున్నారు. ఇన్ని వేలమంది పనిచేసే చోట ప్రతి గోలీ బిగించిందో లేదో పైవాడికి ఎట్లా తెలుస్తుంది అంటారు. తెలియకపోతే ఎద్దు చట్టము కూడా అతన్ని విడిచిపెట్టింది. నేను అడుగుతున్నది తెలియనివాని సంగతి కాదు. నివేదిక తన బల్ల మీదికి వచ్చిన తరువాత, హెచ్చరిక అందిన తరువాత, ఖర్చు మిగులుతుందని ఊరుకున్నవాని సంగతి. అటువంటివానికి పదిహేను లక్షలు శిక్ష కాదు. అది అతని ఖర్చుల పద్దులో ఒక వరుస. ఆ పిల్లలు పని చేసి సాయంత్రానికి ప్రాణంతో ఇంటికి రావాలంటే, పైవాడు తన ఇంటి గురించి కూడా భయపడాలి.

నా సొంత ఎద్దు

ఇంతదూరం ఇతరులను గూర్చి వ్రాసిన తరువాత ఒక మాట దాచిపెడితే నేను వేషధారినవుతాను.

మా మందిరంలో మైకు సెట్టుకు పోయే తీగ ఒకచోట పొర ఊడి ఉండేది. సంఘ పెద్ద ఒకరు రెండుసార్లు నాకు చెప్పారు. "చూద్దాం అన్నా" అన్నాను. క్రిస్మసు ఖర్చులున్నాయి, కానుకలు తక్కువగా ఉన్నాయి. ఒక సాయంత్రం పాటల సాధనకు వచ్చిన పిల్లవాడు ఆ తీగ తాకి పడిపోయాడు. దేవుని దయవలన బ్రతికాడు. అరచేయి కాలింది. మహబూబాబాదు తీసుకుపోయి చూపించాము. ఖర్చంతా సంఘమే భరిస్తుందని, చింత పడవద్దని ఆ తల్లికి చెప్పాను. నేను మంచి మాటే చెప్పాననుకున్నాను.

ఆమె నా ముఖం వైపు చూసి, "పైసల ముచ్చట తర్వాత అయ్యగారూ. మీకు ఎరుకనేనట గదా?" అన్నది.

నాకు నోరు రాలేదు. ఆ క్షణంలో నేను "వాతావరణం బాగాలేదు" అని ఉత్తరం వ్రాసిన కంపెనీనే అయ్యాను. మరుసటి ఆదివారం ప్రసంగానికి ముందు సంఘమంతటి ఎదుట నిలబడి, నాకు తెలుసు, రెండుసార్లు చెప్పారు, నేను కట్టివేయలేదు అని ఒప్పుకున్నాను. తీగ ఆ వారమే మార్పించాము. ఒప్పుకున్నందువల్ల ఆ పిల్లవాని అరచేతి మచ్చ పోలేదు. కాని ఆ తల్లి మళ్లీ మందిరానికి వచ్చింది. ఆమెకు కావలసినది సొమ్ము కంటే ముందు ఆ ఒక్క మాట అని నాకు అప్పుడు తెలిసింది.

భోపాలు తల్లులకు, వెంకటాపురం తల్లులకు, మన చేలల్లో భర్తను పోగొట్టుకున్న అక్కలకు కావలసినది కూడా అదే. పరిహారం కావాలి, తప్పకుండా కావాలి. దానికి ముందు "నీకు తెలుసా?" అని ఒకరు నిలబెట్టి అడగాలి. అట్లా అడగవలసినవాడు ప్రభుత్వం.

మనము చేయగలిగినది

ప్రార్థన చేద్దాము. దానితోపాటు చేతితో చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి.

విత్తనాలు గాని మందు గాని బిల్లు లేకుండా కొనవద్దు. బిల్లు మీద మీ పేరు, రకం, లాటు నంబరు ఉండాలి. పొట్లమును, దాని చీటీని పంట అమ్మేదాకా ఇంట్లో భద్రపరచండి. మా సహోదరుడు చేసిన ఒకే మంచిపని అది.

పంట పోయినట్టు అనుమానం రాగానే, చేను దున్నకముందే వ్యవసాయ అధికారికి కాగితం మీద వ్రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చేను ఫోటోలు తీయించండి.

వినియోగదారుల కమిషనుకు వెళ్లడానికి భయపడకండి. మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు, నాసి విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని తీర్పు చెప్పింది. విత్తనాన్ని పరీక్షకు పంపలేదు గదా అని విత్తన సంస్థ వాదిస్తే, విత్తనాలన్నీ భూమిలో వేసుకునే రైతు పరీక్ష కోసం కొన్ని దాచుకుంటాడని ఆశించలేమని కోర్టు అన్నది. రెండేండ్లలోపు వెళ్లాలి. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

ఫిర్యాదులో "కంపెనీ" అని మాత్రమే వ్రాయకండి. ఈ లాటు మీద ముందే ఫిర్యాదులు వచ్చినవా, ఏ తేదీన వచ్చినవి, ఆ సమయంలో బాధ్యుడు ఎవరు అని అడగండి. సమాచార హక్కు చట్టం క్రింద వ్యవసాయ శాఖను కూడా ఈ మూడు మాటలే అడగవచ్చు. తేదీ, పేరు బయటికి వచ్చిన తరువాత "నాకు తెలియదు" అనడం కష్టమవుతుంది.

ఓట్లు అడగడానికి మీ వాకిటికి వచ్చినవారిని కూడా ఒక మాట అడగండి. రోడ్డు, పింఛను అడిగిన తరువాత, "విత్తనాల చట్టంలో అయిదు వందల జరిమానా ఎందుకున్నది బాబూ?" అని అడగండి. జవాబు రాకపోవచ్చు. పదిమంది అడిగితే పదకొండవ ఇంటికి జవాబు వెతుక్కొని వస్తాడు.

మా సహోదరుడు ఆ రెండు ఉచిత పొట్లాలను ఏమి చేశాడో చెప్పలేదు గదా. అతను వాటిని విత్తలేదు. మొన్న అతని ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు దూలం సందులో దోపి ఉన్నవి. "ఎందుకు దాచినవు?" అని అడిగాను. "సంతకం పెట్టినాయన ఎప్పుడన్న వస్తే, వాపసు ఇద్దామని అయ్యగారూ" అన్నాడు.

న్యాయము జరిగించు దేవుడు మన దేశపు న్యాయాధిపతులకు, అధికారులకు, కంపెనీలు నడిపేవారికి, మందిరములు నడిపే నావంటివారికి వినే చెవులను అనుగ్రహించునుగాక. ఆమేన్.

మీ సహోదరుడు,
సంఘ కాపరి, నెల్లికుదురు